ఎవరికీ వినబడని మనిషి: హిచ్‌కాక్ ‘బ్రేక్‌డౌన్’

ఉత్కంఠ చిత్రాల దర్శకుడు హిచ్‌కాక్ సమర్పించిన టెలివిజన్ ధారావాహిక ‘ఆల్‌ఫ్రెడ్ హిచ్‌కాక్ ప్రెజెంట్స్’ అనగానే హత్యలు, మోసాలు, చివరి నిమిషంలో తలకిందులయ్యే కథలు గుర్తుకు రావడం సహజం. అయితే ఆ ధారావాహికలో నన్ను అన్నిటికన్నా ఎక్కువగా కట్టిపడేసిన ‘బ్రేక్‌డౌన్’ అనే ఎపిసోడ్‌లో హంతకుడు లేడు, ఛేదించవలసిన రహస్యమూ లేదు. ఒక మనిషి బతికే ఉన్నాడు, చుట్టూ ఉన్నవాళ్లంతా అతడు చనిపోయాడనుకుంటున్నారు; కథంతా ఇంతే. మొదటి సీజన్‌లో ఏడవదైన ఈ ఎపిసోడ్ 1955 నవంబర్ 13న అమెరికాలో సీబీఎస్ చానెల్‌లో తొలిసారి ప్రసారమైంది. దీని కొసమెరుపును దాచిపెట్టి దీని గురించి రాయడం నాకు సాధ్యం కాదు కనుక, ఇంకా చూడనివారు ముందుగా ఆ 25 నిమిషాలు చూసి వచ్చి ఇది చదవడం మంచిది.

ఈ ధారావాహికలో వారం వారం కథ మారిపోయేది, నటులు మారిపోయేవారు. మారనిది హిచ్‌కాక్ ఒక్కడే. తన పక్కమొహాన్ని తానే కొద్దిపాటి గీతలతో గీసుకున్న బొమ్మలోకి నడిచి వచ్చి, ఫ్రెంచ్ స్వరకర్త గూనో స్వరపరిచిన కీలుబొమ్మ శవయాత్ర బాణీ వినిపిస్తుండగా, ప్రేక్షకులకు శుభసాయంత్రం చెప్పి కథలోకి తీసుకెళ్లేవాడు. 1955 నుంచి 1962 వరకు వచ్చిన 268 అరగంట ఎపిసోడ్లలో ఆయన స్వయంగా దర్శకత్వం వహించినవి 17 మాత్రమే. మిగిలిన వాటిని, నిర్మాత జోన్ హారిసన్ పర్యవేక్షణలో, ఇతర దర్శకులు తీశారు. ఆ పదిహేడింటిలో ‘బ్రేక్‌డౌన్’ ఒకటి కావడం నాకు చాలా అర్థవంతంగా తోస్తుంది, ఎందుకంటే కదలలేని మనిషిని కథానాయకుడిగా పెట్టి కదిలే బొమ్మ తీయడమనే పంతం ఆయనకు తప్ప మరొకరికి అంత సులువుగా పట్టేది కాదు.

లూయిస్ పోలక్ రాసిన కథను ఫ్రాన్సిస్ కాక్రెల్, పోలక్ కలిసి టెలివిజన్ కోసం మలిచారు. విలియం కాల్యూ అనే న్యూయార్క్ వ్యాపారి ఫ్లోరిడాలో సముద్రం ఒడ్డున సెలవులు గడుపుతుంటాడు. ఏళ్ల తరబడి తన దగ్గర పనిచేసి, అప్పుడే ఉద్యోగం పోగొట్టుకున్న హుబ్కా అనే ఉద్యోగి ఫోన్ చేసి, తట్టుకోలేక ఏడుస్తాడు. కాల్యూకు జాలి కలగదు, అసహ్యం కలుగుతుంది. ఎదిగిన మనిషి తన భావోద్వేగాలను అదుపులో పెట్టుకోలేకపోవడం బలహీనత అని పక్కనున్న మిత్రుడితో అంటాడు. ఈ మాట అనడంలో అతడికి కోపమైనా లేదు, అదే నన్ను కలవరపెట్టింది. లెక్కల పుస్తకంలో తప్పు దొర్లితే చిరాకుపడే మనిషి ఎలా మాట్లాడతాడో అలాగే మాట్లాడతాడు.

తర్వాత కారులో ఒంటరిగా న్యూయార్క్‌కు బయలుదేరతాడు. దారిలో ఖైదీలతో రోడ్డు పని చేయిస్తున్న చోట ఒక భారీ యంత్రంతో ప్రమాదం జరుగుతుంది. స్టీరింగు చక్రం ఛాతీకి అదిమి ఉండగా కాల్యూకు స్పృహ వస్తుంది. కళ్లు తెరిచే ఉన్నాయి, చూడగలడు, వినగలడు, ఆలోచించగలడు. కానీ రెప్ప వేయలేడు, పెదవి కదపలేడు. అటుగా వచ్చినవారు అతడిని శవమనుకుని కారులో పనికొచ్చే వస్తువులు ఎత్తుకుపోతారు, పారిపోతున్న ఖైదీలు ఒంటి మీది బట్టలను కూడా వదలరు. అంతా అతడి కళ్ల ముందే జరుగుతుంది.

ఇక్కడి నుంచి హిచ్‌కాక్ చేసిన పని గురించి ఎంత చెప్పినా తనివి తీరదు. తెర మీద ఎక్కువ సేపు కనిపించేది కాల్యూగా నటించిన జోసెఫ్ కాటన్ ముఖం ఒక్కటే, అదీ కదలని ముఖం. కొన్ని చోట్ల నటుడిని బిగుసుకుపోయి కూర్చోమనడానికి బదులు, నిశ్చల చిత్రాలనే వాడారు. అందువల్ల ఆ ముఖంలో నటన అనదగిన కదలిక కూడా మిగలదు, నిజంగానే ప్రాణం లేని ముఖాన్ని చూస్తున్నట్టు ఉంటుంది. దాని మీదుగా అతడి మనసులోని మాట మాత్రం ఆగకుండా వినిపిస్తూ ఉంటుంది. భయపడుతుంది, లెక్కలు వేస్తుంది, తనకు తాను ధైర్యం చెప్పుకుంటుంది, మళ్లీ బెదిరిపోతుంది. దృశ్యం చనిపోయి శబ్దం బతికి ఉన్న ఈ అమరికలో ఎపిసోడ్ బరువంతా కాటన్ గొంతు మీదే పడింది. ఆర్సన్ వెల్స్ బృందంతో రేడియో నాటకాలు చేసిన నటుడు కావడం వల్ల ఆ గొంతుకు అంత పనితనం ఉంది. 1943లో హిచ్‌కాక్ తీసిన ‘షాడో ఆఫ్ ఎ డౌట్’లో తీయగా మాట్లాడుతూ వెన్నులో వణుకు పుట్టించిన మేనమామ కూడా ఈయనే. అక్కడ మాటతో అందరినీ నమ్మించిన మనిషికి ఇక్కడ ఒక్క మాటైనా పైకి చెప్పే వీలు లేకుండా చేయడంలో దర్శకుడి చూపు కనిపిస్తుంది.

కొంతసేపటికి తన చేతి వేలు ఒకటి కదులుతోందని కాల్యూ గ్రహిస్తాడు. అప్పటి నుంచి మన ప్రాణాలు కూడా ఆ వేలి మీదికే చేరతాయి. మనుషులు దగ్గరికి వచ్చినప్పుడల్లా అతడు వేలితో తడుతూ ఉంటాడు, కానీ వాళ్ల పని చప్పుడులో ఆ చిన్న చప్పుడు కలిసిపోతుంది. చివరికి శవాగారానికి చేరాక, అక్కడైనా నిశ్శబ్దంగా ఉంటుంది కదా, తడితే వింటారు కదా అని అతడు ఆశపడతాడు. తీరా ఆ చెయ్యి శరీరం కింద ఇరుక్కుపోయి ఉంటుంది. ప్రేక్షకుడికి తెలియనిది చివర్లో చెప్పి ఉలిక్కిపడేలా చేయడం కన్నా, తెలిసిన దాన్ని పాత్రలకు తెలియకుండా ఉంచి ఉక్కిరిబిక్కిరి చేయడమే మేలని హిచ్‌కాక్ జీవితమంతా నమ్మాడు. ఆ నమ్మకానికి ఇంతకన్నా సూటి ఉదాహరణ ఆయన టెలివిజన్ పనిలో నాకు కనబడలేదు.

ఆ దారి కూడా మూసుకుపోయాక, మనసు పూర్తిగా విరిగిపోయిన స్థితిలో కాల్యూ కంటి నుంచి నీరు కారుతుంది. దాన్ని ఒకరు గమనిస్తారు. అతడు బతుకుతాడు.

ఏడుపును అసహ్యించుకున్నవాడిని ఏడుపే కాపాడిందన్న వరకు అందరూ చెప్పేదే. నాకు మాత్రం ఆ ముగింపు బలం కన్నీటిలో కన్నా మొదటి సన్నివేశంలోని ఫోనులో ఉందనిపిస్తుంది. కాల్యూకు హుబ్కా ఒక గొంతు మాత్రమే. అతడు ఎక్కడో దూరంగా ఉండి, తన బతుకు ఏమైపోతోందో చెప్పుకుంటున్నాడు. అవతల ఉన్న మనిషికి ఆ మాటలు చెవిన పడుతున్నాయి గానీ మనసుకు చేరడం లేదు. ఆ తర్వాత ఇరవై నిమిషాల పాటు కాల్యూ కూడా గొంతు మాత్రమే. అతడు కూడా వినమని వేడుకుంటాడు, ఎదుట నిలబడినవారు కూడా అతడిలో మనిషిని చూడకుండా పని చూసుకుని వెళ్లిపోతారు. ఎవరూ పట్టించుకోని గొంతుగా ఒకరిని మొదట చూపించి, అదే స్థితిలోకి రెండో మనిషిని నెట్టడం వల్ల ఇది నీతికథ కాకుండా బయటపడింది. చేసిన తప్పుకు శిక్ష పడిందని మనకు అనిపించదు. కాల్యూ హుబ్కా స్థానంలోకి వెళ్లి కూర్చున్నాడనిపిస్తుంది. మళ్లీ చూసినప్పుడు ఆ ఫోను సంభాషణ మొదటిసారి కన్నా ఎంతో దుర్భరంగా ఉంటుంది, ఎందుకంటే ఈసారి మనకు అవతలి గొంతు కూడా వినిపించడం మొదలవుతుంది.

దీని పక్కన అదే ధారావాహికలోని మరో రెండింటిని పెడితే తేడా తెలుస్తుంది. 1955 అక్టోబర్ 2న మొట్టమొదట ప్రసారమైన ‘రివెంజ్’లో, తన మీద దాడి చేసినవాడు వీడేనని భార్య చూపించిన మనిషిని భర్త చంపేస్తాడు; కాసేపటికే ఆమె మరొకరిని చూపించి మళ్లీ అదే మాట అంటుంది. ఆ కొసమెరుపు మనల్ని అగాధంలోకి తోసి వదిలేస్తుంది. రోల్డ్ డాల్ తన కథకు తానే స్క్రిప్టు రాసిన ‘లాంబ్ టు ద స్లాటర్’ 1958లో వచ్చింది. అందులో గడ్డకట్టిన గొర్రె తొడతో భర్తను కొట్టి చంపిన భార్య, వెతకడానికి వచ్చిన పోలీసులకు ఆ మాంసాన్నే వండి పెడుతుంది. ఆ భార్యగా నటించిన బార్బరా బెల్ గెడిస్ చివర్లో నవ్వే నవ్వుకు ఆ ఎపిసోడ్ ఎంత పేరు తెచ్చుకున్నా తక్కువే. అయినా ఆ రెండింటిలోనూ కొసమెరుపు మనుషుల మీద పడే దెబ్బ. ‘బ్రేక్‌డౌన్’లో అది దయ. ఇంత క్రూరంగా సాగిన కథ చివరికి దయ చూపడం నాకు అన్నిటికన్నా పెద్ద ఆశ్చర్యం.

వైద్యం దృష్టితో చూస్తే కథలో బలహీనత ఉంది, ఒప్పుకోవాలి. ఊపిరి ఆడుతున్న, నాడి కొట్టుకుంటున్న మనిషిని అంతమంది శవమనుకోవడం నమ్మశక్యంగా లేదు. పూర్తి స్పృహ ఉండీ శరీరం కదలని ఒక స్థితికి ‘లాక్‌డ్-ఇన్ సిండ్రోమ్’ అనే పేరును ప్లమ్, పోస్నర్ అనే వైద్యులు 1966లో పెట్టారు. ఆ రోగుల్లో చాలామంది కంటి కదలికతో తమ మాట చెప్పగలుగుతారు. కాల్యూకు వచ్చింది సరిగ్గా అదే అనలేము. కానీ ఆ పేరు పుట్టడానికి పదకొండేళ్ల ముందే, అలాంటి మనిషి లోపల ఎలా ఉంటుందో ఊహించి, చివరికి కంటి ద్వారానే అతడిని బయటికి తీసుకురావడం చూస్తే ఆ లోపాన్ని పట్టించుకోబుద్ధి కాదు.

కాల్యూ తిరిగి వెళ్లి హుబ్కాకు ఉద్యోగం ఇచ్చాడో లేదో ఎపిసోడ్ చెప్పదు. చెప్పి ఉంటే బాగుండేదనే వాదనను నేను ఒప్పుకోను. ఒక సన్నివేశం చేర్చి ఇద్దరినీ కలిపి ఉంటే, అంతసేపు మనం భరించిన భయానికి అది లంచంలా ఉండేది.

దీని తర్వాత ఏం చూడాలని అడిగితే, 1957 ఏప్రిల్ 7న వచ్చిన ‘వన్ మోర్ మైల్ టు గో’ చూడమంటాను. దానికి దర్శకుడు కూడా హిచ్‌కాకే. భార్యాభర్తల గొడవనూ హత్యనూ కిటికీ బయటి నుంచి, వాళ్ల మాటలేవీ మనకు వినబడకుండా చూపించి, ఆపైన భర్త (నటుడు డేవిడ్ వేన్) భార్య శవాన్ని కారు డిక్కీలో పెట్టుకుని పోతుంటే, వెలగని వెనుక దీపం కోసం ఒక పోలీసు అతడిని ఆపుతాడు. ‘బ్రేక్‌డౌన్’లో మాటలు లోపల మూసుకుపోతే ఇక్కడ బయట మిగిలిపోయింది మనం.