పైసా తేడాకి డెసిమల్ మందు

ఈ వారమంతా బిల్లింగ్ కోడ్‌లో ఫ్లోట్లు (దశాంశాలకి ప్రోగ్రాముల్లో మామూలుగా వాడే సంఖ్యలు) పీకేసి పైథాన్ భాషలోని డెసిమల్ (మనలా పదుల్లో లెక్కపెట్టే సంఖ్యల రకం) పెట్టే పనిలోనే ఉన్నా. 18 శాతం జీఎస్టీని సగం సీజీఎస్టీ, సగం ఎస్‌జీఎస్టీగా విడగొట్టేసరికి ఎక్కడో ఒక పైసా తేడా రావడం, దానికోసం అకౌంట్స్ వాళ్లు మెయిల్ మీద మెయిల్ పెట్టడం, ఇదంతా చూసి చూసి విసుగొచ్చింది (వాళ్లదే రైటు, అది వేరే సంగతి).

ఫ్లోట్ అంతా బైనరీ (సున్నాలు, ఒకట్లే) కదా, అందులో 0.1 కచ్చితంగా పట్టదు. నమ్మకపోతే డెసిమల్‌కి కోట్స్ లేకుండా 0.1 ఇచ్చి చూడండి, 0.1000000000000000055511151231257827021181583404541015625 అని లోపలి బండారమంతా బయటపెడుతుంది. అదే కోట్స్‌లో స్ట్రింగ్‌గా, అంటే ఉత్త టెక్స్ట్‌లా ఇస్తే బుద్ధిగా 0.1. అందుకే డేటాబేస్ నుంచి వచ్చే అంకె దారిలో ఎక్కడా ఫ్లోట్ అవకుండా కాపలా కాయాలి, అసలు పనంతా అక్కడే. జేసన్ (డేటా ఇచ్చిపుచ్చుకునే టెక్స్ట్ ఫార్మాట్) అయితే సులువు, లోడ్ చేసేటప్పుడు పార్స్_ఫ్లోట్ అనే ఆప్షన్‌కి డెసిమల్ ఇస్తే చాలు.

ప్రెసిషన్ (లెక్కలో నిలిపే మొత్తం అంకెలు) డిఫాల్ట్‌గా 28 అంకెలు, డబ్బు లెక్కలకి ఎక్కువే. రౌండింగ్ దగ్గరే జాగ్రత్త! డిఫాల్ట్ హాఫ్ ఈవెన్ (సరిగ్గా సగంలో ఉంటే సరి అంకె వైపు) కాబట్టి 0.125ని రెండు స్థానాలకి క్వాంటైజ్ చేస్తే, అంటే కుదిస్తే, 0.13 కాదు, 0.12 వస్తుంది. బడిలో నేర్చుకున్న పద్ధతి కావాలంటే హాఫ్ అప్ (సగమైతే పైకి) అని మనమే చెప్పాలి. 1ని 3తో భాగిస్తే డెసిమల్ కూడా 28 అంకెల దగ్గర ఆగిపోతుంది, దానికి భిన్నాన్ని భిన్నంగానే ఉంచే ఫ్రాక్షన్స్ మాడ్యూల్ వేరే ఉంది.

డెసిమల్ స్లో అని భయపెట్టేవాళ్లుంటారు, పట్టించుకోకండి. పైథాన్ 3.3 వెర్షన్ నుంచి ఇది వేగంగా నడిచే సీ భాషలో రాసిందే, ఇన్‌వాయిస్‌లకి ఆ తేడా అస్సలు తెలియదు.