నవలలో హత్య, తెర మీద ప్రమాదం

నవల గొప్పదా, సినిమా గొప్పదా అన్న చర్చ నాకు ఎన్నడూ రుచించలేదు. దాదాపు ప్రతిసారీ నవల పక్షానే తీర్పు వెలువడే ఆ చర్చలో సినిమా తీసినవారి చేతులు ఎంతవరకు స్వేచ్ఛగా ఉన్నాయన్న ప్రశ్న ఎవరూ వేయరు. పాత హాలీవుడ్ చిత్రాల విషయంలో మాత్రం ఆ ప్రశ్న వేయకుండా ఒక్క అడుగు కూడా ముందుకు వెళ్లలేము. మూలరచనలో కత్తెర ఎక్కడ పడింది, తెగిన చోట దర్శకుడు ఏ అతుకు వేశాడు అన్నది తెలిస్తే, ఎన్నోసార్లు చూసిన చిత్రం కూడా కొత్తగా కనిపిస్తుంది.

ఆ కత్తెర పేరు ప్రొడక్షన్ కోడ్, అంటే హాలీవుడ్ స్టూడియోలు తమకు తామే విధించుకున్న సెన్సారు నియమావళి. నియమాలను 1930లోనే రాసుకున్నా, వాటిని గట్టిగా అమలు చేయడం మొదలైంది 1934లో, జోసెఫ్ బ్రీన్ దాన్ని అమలు చేసే కార్యాలయ బాధ్యతలు చేపట్టిన తరువాతనే. అనుమతి ముద్ర లేకుండా చిత్రాన్ని విడుదల చేసే సభ్య స్టూడియోకు 25,000 డాలర్ల జరిమానా విధించాలని నిర్ణయించారు. నేరం చేసినవాడు శిక్ష తప్పించుకోకూడదు. స్వలింగ ప్రేమ ప్రస్తావనే రాకూడదు. వివాహబంధాన్ని చులకన చేయకూడదు. 1968లో వయసును బట్టి వర్గీకరించే పద్ధతి వచ్చేదాకా ఈ కోడ్ ఏదో ఒక రూపంలో కొనసాగింది. రచయితలు మాత్రం ఈ నియమాలను చూసుకుంటూ నవలలు, నాటకాలు రాయలేదు. చిక్కంతా అక్కడే మొదలైంది.

డాఫ్నీ డు మారియే 1938లో రాసిన 'రెబెక్కా' ఇందుకు మంచి ఉదాహరణ. హక్కులు కొన్న నిర్మాత డేవిడ్ ఓ. సెల్జ్‌నిక్ నవల మీద అపారమైన గౌరవం ఉన్న మనిషి. దర్శకుడు హిచ్‌కాక్ మొదట తయారు చేయించిన కథారూపం మూలానికి దూరంగా ఉందని మండిపడి, నవలనే తీయాలని పట్టుబట్టాడు. అంత పట్టుదల ఉన్నవాడు కూడా కథకు కీలకమైన ఒక్క విషయాన్ని కాపాడలేకపోయాడు. నవలలో మాక్సిమ్ డి వింటర్ తన మొదటి భార్య రెబెక్కాను తుపాకీతో కాల్చి చంపుతాడు, శవాన్ని పడవలో వేసి ముంచేస్తాడు, చట్టానికి చిక్కకుండా బయటపడతాడు. భార్యను చంపిన భర్త హాయిగా బతకడానికి కోడ్ ఒప్పుకోదు. అందుకని 1940 నాటి చిత్రంలో రెబెక్కా కాలు తట్టుకుని పడి, తలకు దెబ్బ తగిలి చనిపోతుంది. కర్ర విరగకుండా, పాము చావకుండా పని జరిగిపోయింది.

ఈ మార్పుతో మాక్సిమ్ మంచివాడయ్యాడన్నది అందరికీ కనిపించే విషయమే. నా దృష్టిలో అంతకన్నా పెద్ద నష్టం కథ చెప్పే అమ్మాయికి, అంటే అతని రెండో భార్యకు జరిగింది. నవలలో భర్త నోటి వెంట హత్య సంగతి వినగానే ఆమె మనసులో మొదట మెదిలేది భయం కాదు, అసహ్యం కాదు; ఆయన రెబెక్కాను ఎన్నడూ ప్రేమించలేదన్న సంతోషం. పేరు కూడా లేని ఆ పిరికి పిల్ల, ఒక హంతకుడికి తోడుదొంగగా మారడం ద్వారానే భార్య స్థానంలో స్థిరపడుతుంది. నవలను ప్రేమకథగా చదివి మూసేసేవారికి ఆ క్షణంలోని చీకటి తెలియకుండానే జారిపోతుంది. తెర మీద జోన్ ఫాంటేన్ ముఖంలోనూ అదే ఊరట కనిపిస్తుంది కానీ, భర్త నిర్దోషి కాబట్టి ఆ ఊరటలో తప్పు పట్టవలసిందేమీ ఉండదు.

ఇంత పోగొట్టుకున్నా హిచ్‌కాక్ ఊరికే కూర్చోలేదు. మాక్సిమ్‌గా నటించిన లారెన్స్ ఒలివియర్ ఆ రాత్రి జరిగినది చెబుతున్నప్పుడు గతాన్ని దృశ్యంగా చూపించకుండా, రెబెక్కా లేచిన చోటి నుంచి నడిచిన దారి వెంట కెమెరాను ఖాళీ గదిలో కదిలిస్తాడు. మనిషి లేదు, ఆమె కదలిక మాత్రం ఉంది. చిత్రం మొత్తంలో ఒక్కసారి కూడా కనిపించని ఆ స్త్రీ అందరికన్నా ఎక్కువగా ఉన్నది ఆ ఒక్క నిమిషంలోనే. ఏ నియమం వల్ల కథ బలహీనపడిందో, ఆ నియమాన్ని పాటిస్తూ చెప్పిన అబద్ధమే చిత్రంలో అతి గొప్ప దృశ్యమైంది.

మరుసటి ఏడాది వచ్చిన 'సస్పిషన్' విషయంలో అంత అదృష్టం దక్కలేదు. దాని మూలం ఫ్రాన్సిస్ ఐల్స్ అన్న కలం పేరుతో 1932లో వచ్చిన 'బిఫోర్ ది ఫాక్ట్'. భర్త తనను చంపబోతున్నాడని తెలిసి, తెలిసే అతడిచ్చిన విషం తాగే ఒక స్త్రీ కథ అది. చిత్రంలో భర్త కేరీ గ్రాంట్. అంతటి అందగాణ్ణి, జనం అంతగా అభిమానించే నటుణ్ణి హంతకుడిగా చూపించడానికి స్టూడియోకు మనసొప్పలేదు. ఇక్కడ కోడ్ కన్నా తార గ్లామరే పెద్ద అడ్డంకి అయింది. పాలగ్లాసులో చిన్న బల్బు పెట్టించి, గ్రాంట్ మెట్లెక్కి వస్తుంటే ఆ తెల్లని వెలుగు తప్ప మరేదీ కంటికి ఆననట్లు చిత్రీకరించిన హిచ్‌కాక్, చివరికి ఆ పాలలో ఏమీ లేదని, అంతా ఆమె అనుమానమేనని చెప్పి కథ ముగించవలసి వచ్చింది. కారులో హడావుడిగా విప్పి చెప్పే ఆ ముగింపును నేను ఇప్పటికీ నమ్మలేను. అంతకుముందు గంటన్నర పాటు దర్శకుడు మనకు చూపించినది వేరే సినిమా.

జేమ్స్ ఎం. కెయిన్ రాసిన 'డబుల్ ఇండెమ్నిటీ' సంగతి దీనికి పూర్తిగా భిన్నం. నా ఉద్దేశంలో ముగింపు మార్చడం వల్ల మూలకథను మించిపోయిన చిత్రం అది. కెయిన్ కథలో బీమా ఏజెంటు తాను చేసిన హత్యను ఆసుపత్రి మంచం మీద నుంచి ఒప్పుకుంటాడు. కంపెనీ పరువు కోసం, అక్కడ క్లెయిములు పరిశీలించే కీస్ అతణ్ణి ఓడ ఎక్కించి పంపేస్తాడు. ఓడలో, భర్త హత్యలో అతనితో చేతులు కలిపిన ఫిలిస్ ఎదురవుతుంది. ఇద్దరూ సొరచేప వెంబడిస్తున్న సముద్రంలోకి దూకడానికి సిద్ధపడతారు. చదువుతున్నప్పుడు ఒళ్లు జలదరిస్తుంది కానీ, నేరస్థులు తమ చావును తామే ఎంచుకునే ఈ పద్ధతి బ్రీన్ కార్యాలయానికి నచ్చేది కాదు. 1944లో దర్శకుడు బిల్లీ వైల్డర్, అతనితో కలిసి స్క్రీన్‌ప్లే రాసిన రేమండ్ చాండ్లర్ ఆ ఓడను పూర్తిగా వదిలేశారు. ఫ్రెడ్ మెక్‌ముర్రే అర్ధరాత్రి ఖాళీ ఆఫీసులో కూర్చుని, రక్తం కారుతుండగా, మాటలు రికార్డు చేసే డిక్టాఫోన్‌లో తన నేరం చెప్పుకుంటాడు. వైల్డర్ గ్యాస్ చాంబర్‌లో మరణశిక్ష అమలయ్యే దృశ్యాన్ని కూడా చిత్రీకరించి, తరువాత తీసేశాడు. తీసేయడమే మంచిదైంది. చిత్రమంతా కీస్ చుట్టకు అగ్గిపుల్ల గీసి ఇస్తూ వచ్చినవాడు, గుమ్మం దగ్గర కుప్పకూలి సిగరెట్టు వెలిగించుకోలేకపోతే, ఈసారి కీస్ అగ్గిపుల్ల గీస్తాడు. ఆ తరువాత ఏ శిక్ష చూపించినా అది అదనమే. కెయిన్ కథలో ఈ స్నేహం ఇంత లోతుగా లేదు. డిక్టాఫోన్ ఉపాయం తనకు తట్టలేదే అని కెయిన్ స్వయంగా అనుకున్నాడంటారు. నాకు ఆశ్చర్యం కలగలేదు.

వరుస మార్చినంత మాత్రాన కథ అర్థం మారిపోతుందనడానికి జాన్ ఫోర్డ్ తీసిన 'ది గ్రేప్స్ ఆఫ్ రాత్' ఒక్కటి చాలు. స్టైన్‌బెక్ నవలలో, పొలం పోగొట్టుకుని కాలిఫోర్నియాకు వలస వచ్చిన జోడ్ కుటుంబానికి మర్యాద దక్కే ప్రభుత్వ శిబిరం ముందు వస్తుంది, సమ్మె జరుగుతున్న పళ్లతోట తరువాత వస్తుంది. చిత్రంలో ఈ రెండూ తారుమారయ్యాయి. నవల కిందికి దిగుతూ పోతే చిత్రం పైకి ఎక్కుతూ పోతుంది.

'ఎ స్ట్రీట్‌కార్ నేమ్డ్ డిజైర్' రంగస్థల దర్శకుడు, చిత్ర దర్శకుడు ఇద్దరూ ఎలియా కజానే. టెనెసీ విలియమ్స్ 1947లో రాసిన నాటకం చివర, అక్కను పిచ్చాసుపత్రికి తీసుకుపోతుంటే స్టెల్లా ఏడుస్తూ భర్త స్టాన్లీ చేతుల్లోనే ఉండిపోతుంది. 1951 నాటి చిత్రంలో బిడ్డను ఎత్తుకుని, ఇక తిరిగి రానని చెప్పి మెట్లెక్కి పై ఇంటికి వెళ్లిపోతుంది. ఆ అక్కను బలాత్కరించిన స్టాన్లీకి ఆ మాత్రమైనా శిక్ష పడాలి కదా. అయితే అంతకుముందు ఒకసారి ఇలాగే పై ఇంటికి వెళ్లి, కింద నుంచి అతడు అరవగానే దిగివచ్చిన స్టెల్లాను మనం చూసే ఉన్నాం. కజాన్ మెట్లనే ఎంచుకోవడం యాదృచ్ఛికమని నేననుకోను.

అన్నిటికన్నా చిత్రమైన చరిత్ర లిలియన్ హెల్‌మన్ నాటకం 'ది చిల్డ్రన్స్ అవర్'ది. బడి నడుపుకునే ఇద్దరు యువతుల మధ్య స్వలింగ ప్రేమ సంబంధం ఉందని ఒక పిల్ల పుకారు పుట్టిస్తుంది. 1934లో న్యూయార్క్‌లో మొదలై 691 ప్రదర్శనలు నడిచిన ఈ నాటకాన్ని బోస్టన్ నగరం నిషేధించింది. కోడ్ కింద కథను కాదు కదా, పేరును కూడా వాడుకోనివ్వలేదు. 1936లో విలియం వైలర్ దీన్ని 'దీజ్ త్రీ' పేరుతో తీశాడు. స్క్రీన్‌ప్లే హెల్‌మన్‌దే. ఇద్దరిలో ఒకామె, రెండో ఆమెకు కాబోయే భర్తతో సంబంధం పెట్టుకుందన్నది ఇందులోని పుకారు. విషయం మారినా, అబద్ధం ఒక ఊరి పెద్దమనుషుల నోళ్లలో పడి ఎలా నిజమైపోతుందన్న నాటకపు వెన్నెముక అలాగే నిలబడింది. వియన్నాలో ప్రేమికులను కలిపే ముగింపు మాత్రం అతికించినట్టే ఉంటుంది.

పాతికేళ్ల తరువాత, కోడ్ సడలిన 1961లో, అదే వైలర్ అసలు పేరుతో, అసలు పుకారుతో ఆడ్రీ హెప్‌బర్న్, షర్లీ మెక్‌లేన్‌లతో మళ్లీ తీశాడు. మొదటి చిత్రంలో ఆ ఇద్దరు యువతుల్లో ఒకరైన మిరియమ్ హాప్‌కిన్స్ ఇందులో అత్త పాత్ర వేసింది. ఇక స్వేచ్ఛ వచ్చింది కాబట్టి నాటకం యథాతథంగా తెర మీదికి వచ్చిందనుకుంటాం. కానీ నాటకంలో, ఆ ఇద్దరిలో ఒకరై, రెండో ఆమెను నిజంగానే ప్రేమిస్తున్నానని గ్రహించిన మార్తా తనను తాను కాల్చుకున్న తరువాతే, పుకారును నమ్మిన ముసలావిడ క్షమాపణ చెప్పుకోవడానికి వస్తుంది. ఆలస్యమే ఆవిడకు పడిన శిక్ష. చిత్రంలో ఆవిడ ముందే వస్తుంది, నిజం బయటపడిందని చెబుతుంది. మార్తా ఆ తరువాత ఉరి వేసుకుంటుంది. అంటే 1934లో మార్తాను చంపిన దానిలో ఊరి వంతు ఎంతో ఉంటే, 1961 చిత్రంలో ఆ భారమంతా ఆమె తన మీద పెంచుకున్న అసహ్యం మీదకే జరిగిపోయింది. ఈ మార్పు చేయమని ఏ నిబంధనా అడగలేదు.