గాలిమర కిందున్నది మన బోరింగే

ఆస్ట్రేలియాలో టూవూంబా దగ్గర, పాత గాలిమరలు బాగుచేసి మళ్లీ నిలబెట్టే షాపులో నేను ఫిట్టర్‌ని. మాది ఒడిశాలో గజపతి జిల్లా కాశీనగర్. సెలవుకి వచ్చినప్పుడల్లా మావాళ్లు "వాటితో కరెంటు తీస్తారా?" అని అడుగుతారు. కరెంటు కాదు, నీళ్లు. పశువుల తొట్లు నింపే మరలవి. అక్కడ గ్రేట్ ఆర్టీసియన్ బేసిన్ అనే భూగర్భజల నిల్వ దేశంలో ఐదో వంతుకి పైగా నేల కింద పరుచుకుని ఉంది. పైన చూస్తే ఏరు లేదు, కరెంటు తీగ లేదు. టూవూంబాలోనే గ్రిఫిత్స్ సోదరులు 1876లో మరల తయారీ మొదలుపెట్టారు. వాళ్ల సదరన్ క్రాస్ మరలు ఇప్పటికీ పొలాల్లో తిరుగుతున్నాయి.

బోరు లోపలున్న సామానంతా నాకు చిన్నప్పటి నుంచి తెలిసినదే. ఇత్తడి సిలిండరు, ప్లంజరు, తోలు వాషర్లు, అడుగున వాల్వు, పైదాకా రాడ్లు. మా చిన్నాన్న సవర ఊళ్లు తిరిగి ఇండియా మార్క్ టూ బోరింగులు బాగుచేసేవాడు. పైకి లాగిన రాడ్లు జారకుండా పట్టుకోవడం నా పని. "ఎండు తోలు ఎక్కించకురా, నానబెట్టు" అని ప్రతిసారీ చెప్పేవాడు. అక్కడా తోలు నానబెట్టే ఎక్కిస్తాం. మన దగ్గర ఆడవాళ్లు రెండు చేతులా కొట్టేదాన్ని అక్కడ గాలి కొడుతుంది, అంతే తేడా.

కొత్తగా నేర్చుకున్నది టవర్ పని. పునాదిలో నాలుగు కాళ్లూ ఒకే లెవెల్లో ఉండాలి. టవర్ కాస్త వాలినా పైనున్న తల గాలివైపు కాకుండా వాలువైపుకే తిరిగిపోతుంది, రాడ్డు పక్కకి రాసుకుని అరిగిపోతుంది. పాత టవర్లలో తుప్పు పైకి కనబడదు, రెండు యాంగిళ్లు కలిసే చోట దాక్కుంటుంది. అందుకే ప్రతి జాయింటూ విప్పి చూస్తాం. పాత బోల్టు ఒక్కటి కూడా తిరిగి వాడం. పూర్వం పైన ఒక గుంజ కట్టి, తాళ్లతో ముక్కముక్కా లాగేవారట. ఇప్పుడు నేల మీద బిగించి క్రేన్‌తో ఒక్కసారే లేపుతాం. లేపేముందు కాళ్లకి అడ్డకట్టు వెయ్యకపోతే టవర్ మెలిక తిరుగుతుంది. రెక్కల చక్రాన్ని తాడుతో కట్టెయ్యకపోతే పైనున్నవాడి ప్రాణానికే ముప్పు.

గాలి వేగం రెండింతలైతే దాని శక్తి ఎనిమిదింతలవుతుంది. 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గర ఫైలిన్ తుఫాను తీరం దాటిన రాత్రి మా జిల్లావాళ్లందరికీ ఈ లెక్క ఎవరూ చెప్పక్కర్లేకుండా తెలిసింది. మరలో దానికీ ఏర్పాటుంది. చక్రం నడిమధ్యన కాకుండా కాస్త పక్కకి ఉంటుంది. గాలి మరీ పెరిగితే స్ప్రింగు సాగి, చక్రం వెనకున్న తోకరేకు వైపు మడుచుకుని గాలికి అంచు చూపిస్తుంది. ఈ ఏర్పాటు పట్టెయ్యకుండా పనిచేస్తోందని నేను స్వయంగా చూసుకోనిదే మరని ఏ యజమానికీ అప్పగించను. ఎంత ఆలస్యమైనా సరే.

మొదటి నీళ్లు తొట్లో పడేదాకా ఆ యజమాని కూడా ఎండలోనే నిలబడతాడు. అందరూ సోలార్ పంపులు వేస్తున్న రోజుల్లో తాతల నాటి మర మీద డబ్బు పెట్టేవాడంటే నాకు గౌరవం. ఏడాదికోసారి గేర్ల పెట్టెలో ఆయిల్ మార్చి, తోళ్లు అరిగినప్పుడు కొత్తవి వేసుకుంటే చాలు, అది మనవళ్లకీ పనిచేస్తుంది.

కాశీనగర్‌లో పెట్టొచ్చా అని తమ్ముళ్లు అడుగుతున్నారు. చుట్టూ 400 అడుగుల లోపు ఉన్న చెట్ల కంటే చక్రం కనీసం 15 అడుగులు ఎత్తులో ఉండాలంటారు. మన కొబ్బరి చెట్ల మధ్య అది కుదరదు. ఏటిగట్టు మీదైతే చూడొచ్చు. ఈ పనికి ఆస్ట్రేలియా రావాలనుకునేవాళ్లు మాత్రం ఐటీఐ ఫిట్టర్ సర్టిఫికెట్‌తో పాటు పని అనుభవం కాగితాలు కూడా జాగ్రత్త చేసుకోండి, పనితనం లెక్కగట్టే స్కిల్ అసెస్‌మెంట్‌లో అడుగుతారు. బరువులు కట్టి లేపే రిగ్గింగ్ పనికి లైసెన్సు అక్కడ వేరేగా తీసుకోవాలి. బోరింగు మెకానిక్ దగ్గర పనిచేసినవాళ్లు ఆ సంగతి చెప్పడానికి మొహమాటపడకండి, మా షాపులో ముందు అడిగేది అదే.