పదవి లేని నాయకుడు

ఐదారుగురు కలిసి పని మొదలుపెడితే, ఎవరికీ పెత్తనం ఇవ్వకపోయినా కొన్నాళ్లకు అందరి చూపూ ఒకరి వైపే తిరుగుతుంది. హెరాల్డ్ లీవిట్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త ఐదుగురేసి బృందాలతో చేసిన ప్రయోగాన్ని 1951లో ప్రచురించాడు. అందులో సభ్యులు మాట్లాడుకోకుండా, చీటీలు రాసి పంపుకుంటూ ఒక చిక్కుముడి విప్పాలి. చీటీలన్నీ ఒక్కరి చేతుల మీదుగానే వెళ్లాల్సిన చోట, దాదాపు అందరూ ఆ మనిషినే నాయకుడన్నారు. తెలివితేటలు కాదు, కూర్చున్న చోటు!

కాబట్టి మీ బృందంలో నాయకుడెవరో తెలియాలంటే గట్టిగా మాట్లాడేవాళ్లను కాదు, సమాచారం ఎవరి మీదుగా వెళ్తోందో చూడండి: మీటింగ్ నోట్స్ రాసి, ఎవరి పని ఎప్పటికో అదే రోజు గ్రూపులో పెట్టేవాళ్లను గమనించండి. గొడవలు సర్దేది చాలాసార్లు వేరొకరు, అది వేరే సంగతి.

చిక్కల్లా సమాచారం ఒక్కరి దగ్గరే ఆగినప్పుడు. ఆ మనిషి రెండు రోజులు సెలవు పెడితే పని కదలదు. నోట్స్ బాధ్యత నెలకొకరికి మార్చండి. వారానికొకసారి మారిస్తే మాత్రం ఎవరికీ పట్టు దొరకదు.