శని వలయాలు దాదాపు మాయమైన ఏడాది వాలంటీర్‌గా చేరాను

హైదరాబాద్‌లో నేను ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్న యూనివర్సిటీలో ఆకాశం చూపించే కార్యక్రమం ఒకటి నడుస్తుంది. పేరుకు డిపార్ట్‌మెంట్‌ది, పనంతా విద్యార్థి వాలంటీర్లది. టికెట్ లేదు, ఎవరైనా రావచ్చు. పక్క కాలనీల వాళ్లు, గవర్నమెంట్ స్కూల్ పిల్లలు, క్యాంపస్ స్వీపర్ల కుటుంబాలు, కోచింగ్ సెంటర్ల నుంచి తప్పించుకొచ్చిన కుర్రాళ్లు అందరూ వస్తారు. 2025లో నేనూ చేరాను. జూనియర్లు అడుగుతుంటారు, "ఏముంటదక్కా, టెలిస్కోప్ పక్కన నిలబడుడే కదా?" అని. దానికి జవాబు కాస్త పొడుగు.

ముందు ఒక ఫారం నింపాలి. అందులో ఒకే ఒక్క ప్రశ్న కాస్త ఆలోచింపజేసింది: కాంతి సంవత్సరం అంటే ఏమిటో మీ అమ్మమ్మకు అర్థమయ్యేలా నాలుగు వాక్యాల్లో రాయండి. ఆ తర్వాత ఇంటర్వ్యూ. నాకంటే ముందు వెళ్లిన బీఎస్సీ అబ్బాయిని చంద్రుడికి కళలు ఎందుకు వస్తాయని అడిగారు. భూమి నీడ పడటం వల్ల అన్నాడు. చాలామంది చెప్పే జవాబు అదే. మేడమ్ కాదనలేదు. పెన్సిల్‌కు గుచ్చిన థర్మోకోల్ బంతి అతని చేతిలో పెట్టి, గదిలో లైట్ తీసేసి, గోడ పక్కన సెల్‌ఫోన్ టార్చ్ వెలిగించారు. "బంతిని చాచి పట్టుకుని నువ్వే చుట్టూ తిరుగు" అన్నారు. రెండు చుట్లు తిరిగేసరికి నెలవంక, అర్ధచంద్రుడు, పున్నమి అన్నీ అతని చేతిలోనే వచ్చేశాయి. "నీడ లేదు మేడమ్, మనం చూసే వైపు మారుతోంది" అని తనే నవ్వేశాడు. అతన్ని తీసుకున్నారు. జవాబు గడగడా అప్పజెప్పిన ఇద్దరిని తీసుకోలేదు. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు, నవంబర్‌లో అర్థమైంది.

శిక్షణ జూలైలో మొదలైంది. వానలు కాబట్టి ఎక్కువ భాగం ల్యాబ్‌లోనే. మా దగ్గరున్నవి ఎనిమిది అంగుళాల అద్దం ఉన్న డాబ్సోనియన్ టెలిస్కోపులు. నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్) 1200 మిల్లీమీటర్లు. కన్ను పెట్టి చూసే కటకం, అంటే ఐపీస్, 25 మిల్లీమీటర్లది పెడితే 48 రెట్లు, 10 మిల్లీమీటర్లది పెడితే 120 రెట్లు పెద్దగా చూపిస్తుంది. మోటారు ఉండదు, చేత్తో తిప్పుకోవాల్సిందే. 120 రెట్లలో భూమి తిరుగుతోందన్న సంగతి పాఠంలా కాకుండా చిరాకులా తెలుస్తుంది: ఈ అంచున కనిపించిన గ్రహం నిమిషంన్నరకే ఆ అంచు దాటి పోతుంది. కాబట్టి ఇద్దరు చూసేలోపు వాలంటీర్ ఒకసారి కన్ను పెట్టి గొట్టాన్ని సర్దాలి. అది కూడా మునివేళ్లతో, లాగినట్టు కాకుండా, తోసీ తోయనట్టు.

అద్దాలు సరిచూడటం, ఫైండర్‌ను (గురి చూడటానికి పైన బిగించే చిన్న గొట్టాన్ని) అసలు టెలిస్కోప్‌తో కలపడం, పచ్చ లేజర్‌ను విమానాల దరిదాపుల్లోకి పోనివ్వకపోవడం, ఇవన్నీ వారం తిరిగేసరికి చేతికొచ్చేశాయి. ఒక నియమం దగ్గర మాత్రం సీనియర్లు నవ్వకుండా మాట్లాడేవాళ్లు: పగటిపూట గొట్టం బయటికి తీయాలంటే ఫ్యాకల్టీ పక్కన ఉండాలి. సూర్యుడి వైపు ఒక్క క్షణం తిరిగినా, ఫిల్టర్ లేకపోతే ఐపీస్‌లో ఉన్న కన్ను పోతుంది. ఫైండర్‌కు కూడా మూత పెట్టాల్సిందే.

ఇక అనుమతుల సంగతి. రాత్రి పదకొండు దాటితే అమ్మాయిల హాస్టల్లోకి రానివ్వరు కాబట్టి వార్డెన్‌కు విడిగా లెటర్. గేటు దగ్గర బయటివాళ్లను ఆపకుండా సెక్యూరిటీకి ఇంకోటి. గ్రౌండ్ పక్కన స్తంభం మీద తెల్లటి ఎల్ఈడీ దీపం ఒకటి నేరుగా మా కళ్లల్లో కొడుతుంది, దాన్ని ఆర్పించడానికి మూడోది. ఆ మూడో లెటర్ బల్లలన్నీ తిరిగి, స్టాంపులన్నీ వేయించుకుని, చివరికి ఎలక్ట్రీషియన్ చేతికి వెళ్లింది. ఆయన ఓపికగా చదివి, "లెటర్ మంచిగనే ఉంది గానీ అమ్మా, ఆ పోల్ స్విచ్ మా దగ్గర లేదు, హాస్టల్ మెస్ల ఉంటది" అన్నాడు. మెస్ అన్నను అడిగితే రెండు సెకన్లలో ఆర్పేశాడు. లెటర్ చూడను కూడా లేదు. అప్పటి నుంచి మేం ప్రోగ్రాం ఉన్నప్పుడల్లా ముందు మెస్‌కే వెళ్తున్నాం. లెటర్ మాత్రం పెడుతూనే ఉన్నాం, ఫైలు కోసం.

మొదటి పెద్ద రద్దీ సెప్టెంబర్ 7 రాత్రి, సంపూర్ణ చంద్రగ్రహణం. 9:57కు మొదలైంది. 11:01కి చందమామ పూర్తిగా నీడలోకి వెళ్లి, 12:23 దాకా అందులోనే ఉంది. మబ్బులు వస్తూ పోతూ మాతో ఆడుకున్నాయి. నిజానికి గ్రహణానికి టెలిస్కోపే అక్కర్లేదు, కళ్లు చాలు. మా పనల్లా మెడలు ఎత్తి చూస్తున్నవాళ్ల మధ్య తిరుగుతూ మాట్లాడటమే. భూమి నీడలో ఉన్నా పూర్తిగా నల్లబడకుండా ఎర్రగా ఎందుకుంది అంటే, మన వాతావరణం అంచుల గుండా వంగిన సూర్యకాంతిలో ఎరుపే ఎక్కువగా చంద్రుడి దాకా చేరుతుంది కాబట్టి. ఆ క్షణానికి భూమి చుట్టూ ఎక్కడెక్కడ సూర్యోదయాలు, సూర్యాస్తమయాలు అవుతున్నాయో ఆ వెలుగంతా కలిసి అక్కడ పడుతోందని చెబితే పిల్లలు వెంటనే పట్టుకున్నారు.

ఆ రోజు తిరుమల సహా ఆలయాలు మూసే ఉన్నాయి. జన విజ్ఞాన వేదిక వాళ్లు గ్రహణం వేళ అందరి ముందూ తిని, తినిపించే పద్ధతి మన దగ్గర ఎప్పటి నుంచో ఉంది కాబట్టి, మేమూ సమోసాలు తెప్పించాం. సగం మంది తిన్నారు. ఒకావిడ రెండు తీసుకుని టిష్యూలో చుట్టి బ్యాగులో వేసుకుంది. "విడిచినంక తింటం లే అమ్మా, పారేయం" అని నాకే ధైర్యం చెప్పింది. మేం ఎవరితోనూ వాదించలేదు. అది కూడా శిక్షణలో చెప్పిందే: వాదన ఎప్పుడూ వద్దని కాదు, వెనక వంద మంది నిలబడి ఉండగా వద్దు.

అసలు పరీక్ష నవంబర్ 28. ఆ సాయంత్రం సరిగ్గా అర్ధచంద్రుడు. పబ్లిక్‌కు చూపించడానికి పున్నమి కంటే ఇదే మంచిది. వెలుగూ చీకటీ కలిసే గీత వెంబడి నీడలు పొడుగ్గా పడి గుంటలు, కొండలు లేచి నిలబడతాయి. పున్నమి నాడు చంద్రుడు సున్నం కొట్టిన గోడే. ఒక టెలిస్కోప్ చందమామకు, ఒకటి శనికి పెట్టాం. శని ఏడున్నర ప్రాంతంలో దాదాపు నెత్తి మీదికి వచ్చింది.

చిక్కంతా ఇక్కడే. జనం వచ్చేది శని వలయాల కోసం. ఆ నెలలో వలయాలు లేవు. అంటే ఉన్నాయి, మనకు కనిపించే తీరులో లేవు. వాటి వెడల్పు ఆ చివరి నుంచి ఈ చివరికి రెండు లక్షల డెబ్బై వేల కిలోమీటర్లకు పైనే, మందం మాత్రం చాలాచోట్ల కొన్ని పదుల మీటర్లు. శని సూర్యుణ్ణి చుట్టి రావడానికి 29న్నర ఏళ్లు పడుతుంది. ఆ ప్రయాణంలో సుమారు పదిహేనేళ్లకోసారి వలయాల అంచు సరిగ్గా మన వైపు తిరుగుతుంది. 2025 మార్చిలో అదే జరిగింది. తర్వాత కాస్త తెరుచుకుని, నవంబర్ చివరికి మళ్లీ అర డిగ్రీ కూడా లేనంతగా మూసుకుంది. గెలీలియో 1610లో శని పక్కన రెండు ముద్దలు చూసి, 1612లో అవి మాయమైతే బిత్తరపోయాడు. అవి వలయమని హైగెన్స్ తేల్చి చెప్పేసరికి 1659 వచ్చింది.

మొదటి అరగంట నా టెలిస్కోప్ దగ్గర ఒకటే మాట: "రింగ్ ఏదమ్మా?" ఫోన్‌లో కసీనీ వ్యోమనౌక శని దగ్గర తీసిన ఫొటోలు చూసొచ్చిన కళ్లు అవి. ఇంకో ఫిర్యాదు, "గింతేనా?" అని. శని అసలు బింబం ఆ రోజు 120 రెట్లలో, మామూలు కంటికి చందమామ ఎంత కనిపిస్తుందో అంతకంటే కొంచెం పెద్దగానే ఉంది. కానీ నల్లటి గొట్టంలో పక్కన పోల్చుకోవడానికి చెట్టూ లేదు, ఇల్లూ లేదు. అందుకే ఎవరికైనా చిన్నదనిపిస్తుంది. ఐపీస్ దగ్గర ఒక్కో మనిషికి దొరికేది పదిహేను, ఇరవై సెకన్లు. అందులో ఇదంతా చెప్పడం కుదరదు. చెప్పినా వినరు, కన్ను పనిలో ఉన్నప్పుడు చెవి పనిచేయదు.

దాంతో మా సీనియర్ అక్క క్యూ మధ్యలోకి వెళ్లింది. జేబులోంచి ఒక పాత సీడీ తీసి, దాన్ని ముందు పళ్లెంలా చూపించి, మెల్లగా అంచు కనిపించేలా తిప్పింది. "ఇవాళ శని ఇట్లా ఉంది. రింగ్ వెతకొద్దు. మధ్యలోంచి అటూ ఇటూ పొడుచుకొచ్చిన సన్న గీత కనబడుతుందా చూడండి. పక్కన ఒక చుక్క ఉంటే అది టైటాన్, శని చందమామ" అంతే. నేను టెలిస్కోప్ దగ్గర చెప్పడం మానేసి అడగడం మొదలుపెట్టాను: "ఏం కనిపిస్తోంది?" జవాబులు మారిపోయాయి. ఆరో తరగతి పాప ఒకతె చాలాసేపు కదలకుండా చూసి, "పుల్లకు గుచ్చిన రేగుపండు" అంది. ఇంతకంటే కచ్చితంగా ఎవరూ చెప్పలేదు. థర్మోకోల్ బంతి అబ్బాయిని ఎందుకు తీసుకున్నారో అప్పుడు వెలిగింది.

శని అనగానే వచ్చే ప్రశ్న ఎలాగూ వచ్చింది. ఒకావిడ ఐపీస్ దగ్గరికి రాను పొమ్మంది. "మా బాబుది మేష రాశి, ఏలినాటి శని మొదలైంది, నేను చూస్తే ఏమన్నా అవుతదా?" అని. ఏమీ కాదాంటీ అంటే నమ్మేలా లేదు. అందుకని లెక్క చెప్పాను. శని ఒక చుట్టు తిరగడానికి 29న్నర ఏళ్లు, రాశులు పన్నెండు, కాబట్టి ఒక్కో రాశికి దాదాపు రెండున్నరేళ్లు. మూడు రాశులకు ఏడున్నర. మీరు వింటున్న ఏడున్నరేళ్లు ఇదిగో, ఈ గ్రహం నడక నుంచి తీసిందే, దాని ఫలితాలంటారా, అవి ఈ గొట్టంలో కనిపించవు అన్నాను. ఆమెకు లెక్క నచ్చింది. చెప్పులు విప్పి, దండం పెట్టుకుని మరీ చూసింది. అలా చూసినా మాకు అభ్యంతరం లేదు.

అదే క్యూలో ఒక రిటైర్డ్ టీచర్ గారు, 1980 ఫిబ్రవరి 16 సంగతి ఎత్తారు. ఆ రోజు సంపూర్ణ సూర్యగ్రహణం. వాళ్లింట్లో కిటికీలకు దుప్పట్లు కట్టుకుని కూర్చున్నారట. అదే గ్రహణాన్ని చూడటానికి నగరానికి దగ్గర్లోనే ఉన్న ఉస్మానియా వాళ్ల జపాల్–రంగాపూర్ అబ్జర్వేటరీకి ఎక్కడెక్కడి నుంచో శాస్త్రవేత్తలు వచ్చారు. ఆయనకు ఆ సంగతి తర్వాత పేపర్లో చదివితే గానీ తెలియలేదట. నాకైతే హైదరాబాద్ ఆకాశ చరిత్ర గురించి ఎవరు గుర్తుచేసినా ఊరుకోబుద్ధి కాదు. నవాబ్ జఫర్ జంగ్ పదిహేను అంగుళాల టెలిస్కోప్ తెప్పించి 1901లో ఫిసల్‌బండ దగ్గర మొదలుపెట్టిన నిజామియా అబ్జర్వేటరీ, తర్వాత బేగంపేటకు మారి, 1919లో ఉస్మానియా చేతికొచ్చింది. ప్రపంచ దేశాలు ఆకాశాన్ని పంచుకుని ఫొటోలు తీసిన నక్షత్రాల జాబితా పనిలో ఏడున్నర లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు కొలిచింది ఈ ఊరివాళ్లే. ఇప్పుడు బేగంపేటలో తలెత్తితే వేళ్లమీద లెక్కపెట్టేన్ని చుక్కలు కూడా కనిపించవనుకోండి.

కష్టంగా అనిపించేవి చిన్నవే. ఐపీస్ కనిపించగానే పట్టుకుని లాగే చేతులు, అరిచేత్తో రెండో కన్ను మూసుకుంటూ మోచేత్తో గొట్టాన్ని గుద్దడం. అన్నిటికంటే పెద్ద తలనొప్పి సెల్‌ఫోన్ ఫొటోలు. ఒక్కొక్కరు రెండేసి నిమిషాలు తంటాలు పడతారు, వెనక పిల్లలు నిద్రకు జోగుతుంటారు. చందమామ టెలిస్కోప్ ఒకదానికి ఫోన్ బిగించే క్లాంప్ పెట్టి, చివరి అరగంట ఫొటోలకే వదిలేశాక గొడవ తగ్గింది. కళ్లజోడు వాళ్లకు ఒక మాట: దూరం కనిపించకపోవడం ఒక్కటే సమస్య అయితే జోడు తీసి ఫోకస్ తిప్పుకోవచ్చు, సిలిండర్ పవర్ ఉంటే ఉంచుకునే చూడాలి.

ఆ తర్వాతి ప్రోగ్రాం 2026 జనవరి నెలాఖరుకు అనుకున్నాం, మళ్లీ అర్ధచంద్రుడు ఉండే రోజుల్లో. అప్పటికి గురుడు బాగా వెలుగుతూ ఉంటాడు. పక్కన నాలుగు చందమామలు, ఒంటి మీద రెండు మబ్బు చారలు, ఎవరూ నిరాశపడే పని లేదు. డ్యూటీల పట్టిక వేస్తుంటే కొత్తవాళ్లంతా టెలిస్కోపే కావాలన్నారు. నేను క్యూ అడిగి తీసుకున్నాను. సీడీ అక్క దగ్గరే ఉంది, ఈసారికి ఒక బంతి, నాలుగు గోలీలు కొనాలి.