బీచ్ చెట్టు బెరడు మీది లైకెన్: ఇప్పటిదాకా తేలింది

న్యూజిలాండ్‌లోని వెల్లింగ్టన్ చుట్టుపక్కల బీచ్ చెట్ల అడవుల్లో బెరడు మీద ఆకుల్లా పరుచుకునే లైకెన్లు (శిలీంద్రమూ, శైవలమో సైనోబ్యాక్టీరియానో కలిసి బతికే జీవులు) చాలానే ఉన్నాయి. వాటిలో నా సమయమంతా తినేసింది ఇదే: గోధుమరంగు రెబ్బలు, అంచుల్లోనూ పైనా పసుపు పొడి. బిర్యానీలో వేసే రాతిపువ్వు కూడా లైకెనే గానీ, దీనికి దగ్గరి చుట్టం కాదు.

సంరక్షిత అడవిలో ప్రభుత్వ ప్రకృతి సంరక్షణ శాఖ (డిపార్ట్‌మెంట్ ఆఫ్ కన్జర్వేషన్) అనుమతి లేకుండా ఏదీ కోయకూడదు, కాబట్టి అక్కడ ఫొటోలతో సరి. ముక్క మాత్రం తెలిసినవాళ్ల పొలంలో, వాళ్లనడిగి, గాలికి పడిపోయిన కొమ్మ మీంచి తెచ్చుకున్నాను. ప్లాస్టిక్ కవర్లో పెడితే బూజు పడుతుంది. కాగితం పొట్లమే మేలు.

పైరంగు తడికీ ఎండకీ మారిపోతుంది, దాన్ని నమ్ముకుంటే పని జరగదు. అడుగు చూడాలి. 10ఎక్స్ లెన్స్‌తో చూస్తే నూగు మధ్య చిన్న పసుపు చుక్కలు. గట్టు కట్టిన గుంటలు కనిపిస్తే స్టిక్టా అనే లైకెన్ ప్రజాతి అనుకోవచ్చు. స్టిక్టాల్లో కొన్ని తడిస్తే చేపల వాసన కూడా కొడతాయి. ఇందులో అదీ లేదు. చుక్కలు కాబట్టి సూడోసైఫెల్లేరియా అనే మరో ప్రజాతి వైపు వెళ్లాను.

తర్వాత నీళ్లు చల్లాను. ఆకుపచ్చ శైవలం ఉన్నవైతే తడవగానే పచ్చగా మెరుస్తాయి. ఇది నలుపు తిరిగింది, అంటే లోపల ఉన్నది నోస్టాక్ అనే సైనోబ్యాక్టీరియా. బ్లేడుతో పైపొర గీరితే లోపలి గుజ్జు తెల్లగా ఉంది. దాంతో క్రోకోడియా ఆరేటా అనే ఇంకో లైకెన్ లెక్కలోంచి పోయింది: దానికీ పసుపు పొడే, కానీ గుజ్జు కూడా పసుపు, లోపల ఆకుపచ్చ శైవలం.

తర్వాత రసాయనం చుక్క వేసి రంగు మారుతుందేమో చూసే పరీక్షలు. వాటిలో కె పరీక్షకి 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ కావాలి. పుల్ల మొనతో ఒక్క చుక్క, గీరిన చోట మాత్రమే. పొడి మీద పడితే దాని పసుపే కనిపించి ఫలితం తేలదు. చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి. సి పరీక్షకి సువాసన కలపని తాజా బ్లీచ్ చాలు. పి పరీక్ష రసాయనం (పారాఫినైలీన్‌డైఅమీన్) విషం, దాన్ని ఇంట్లోకి రానివ్వను. కె వేసినచోట గుజ్జు పసుపు తిరిగింది.

డేవిడ్ గాలోవే రాసిన న్యూజిలాండ్ లైకెన్ల గ్రంథం (1985, సవరించిన కూర్పు 2007) ముందు పెట్టుకుని లక్షణాలు సరిపోల్చాను. పొట్లం మీద ‘సూడోసైఫెల్లేరియా క్రోకేటా, గుంపు స్థాయి’ అని రాశాను. ఆ పేరు కింద దగ్గరి పోలికల జాతులున్నాయి, అంతకు మించి రాయడం తొందరపాటే. చెట్టు జాతి, నేల నుంచి ఎత్తు, తేదీ కూడా చేర్చాను.