ఐరన్ 12 గీతకి కౌంట్ రేట్ లెక్క: ఇప్పటిదాకా చేసింది
అనంతపురంలో ఎండకి కొదవ లేదు, కానీ నేను లెక్కేస్తున్న వెలుతురు మాత్రం (సూర్యుడి బయటి వేడి పొర కరోనాలో ఐరన్ ఇచ్చే ఒక స్పెక్ట్రమ్ గీత, అది డిటెక్టర్‌లో సెకనుకి ఎన్ని ఫోటాన్లు ఇస్తుందో అదే కౌంట్ రేట్) ఇక్కడ ఒక్క ఫోటాన్ కూడా నేలకి దిగదు. 195 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గరి ఎక్స్‌ట్రీమ్ అల్ట్రావయొలెట్ అంతా పై వాతావరణమే మింగేస్తుంది, అందుకే మిద్దె మీద సెన్సర్ పెట్టి చూసే పని కాదు ఇది, ల్యాప్‌టాప్‌లోనే స్పెక్ట్రమ్ తయారు చేసుకోవాల.

వాడుతున్నది కియాంటీ డేటాబేస్ (ఏ అయాన్, అంటే ఎలక్ట్రాన్లు పోయిన అణువు కాని పరమాణువు, ఏ గీతలు ఇస్తుందో లెక్కేయడానికి కావాల్సిన డేటా), దాని పైథాన్ ప్యాకేజీ. డేటా ఫోల్డర్ ఎక్కడుందో ఎక్స్‌యూవీటాప్ (XUVTOP) అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ముందే పెట్టేయండి. అన్ని అయాన్లూ వేసి రన్ చేస్తే చాలాసేపు పడుతుంది, మినిమమ్ అబండెన్స్ (హైడ్రోజన్‌తో పోలిస్తే ఎలిమెంట్ ఎంతుందో దానికి కింది హద్దు) 10⁻⁵ అని ఇస్తే అరుదైన ఎలిమెంట్లు పక్కకి పోతాయి, ఐరన్, సిలికాన్, ఆక్సిజన్ ఉంటాయి కదా, అది చాలు. ఎండాకాలం కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం, కాబట్టి ఒక్కో టెంపరేచర్ బిన్ (చిన్న రేంజ్) అయిపోగానే రిజల్ట్ ఫైల్లోకి రాయిస్తున్నా.

డీఈఎమ్ (డిఫరెన్షియల్ ఎమిషన్ మెజర్, ఏ టెంపరేచర్ దగ్గర వెలుగిచ్చే ప్లాస్మా ఎంతుందో చెప్పేది) ఫైళ్లు డేటాబేస్‌తోనే వస్తాయి, ప్రశాంత సూర్యుడికి ఒకటి, యాక్టివ్ రీజియన్‌కి ఒకటి అట్లా. అందులో విలువ ఒక్కో కెల్విన్‌కి ఇంత అని ఉంటుంది, దాన్ని నేరుగా ఎమిషన్ మెజర్ అనుకోకూడదు. లాగ్ స్కేల్‌లో 0.1 బిన్ అయితే టెంపరేచర్‌తో, 2.303తో, 0.1తో గుణించాల.

ఇంక అసలు లెక్క. ఐరన్ 12 అంటే 11 ఎలక్ట్రాన్లు పోయిన ఐరన్, సుమారు 15 లక్షల కెల్విన్ దగ్గర బాగా వెలుగుతుంది. 195.12 గీత తీవ్రత 1000 ఎర్గ్‌లు (చదరపు సెంటీమీటరుకి, సెకనుకి, స్టెరేడియన్‌కి) అనుకుందాం. ఒక ఫోటాన్ శక్తి 1.02×10⁻¹⁰ ఎర్గ్, 1 ఆర్క్‌సెకండ్ చదరం 2.35×10⁻¹¹ స్టెరేడియన్, ఎఫెక్టివ్ ఏరియా (పరికరం నష్టాలన్నీ పోగా నిజంగా వెలుతురు పట్టే వైశాల్యం) 0.3 చదరపు సెం.మీ. అని పెట్టినా. అంతా కలిపితే సెకనుకి సుమారు 69 ఫోటాన్లు. సిలికాన్‌లో 3.65 ఎలక్ట్రాన్ వోల్టులకి ఒక ఎలక్ట్రాన్ పుడుతుంది కాబట్టి 63.5 ఎలక్ట్రాన్ వోల్టుల ఈ ఫోటాన్ ఒక్కొక్కటి 17 దాకా ఇస్తుంది. నాయిస్ మాత్రం ఫోటాన్ల లెక్క మీదే వేయాల, ఎలక్ట్రాన్లకి వర్గమూలం తీస్తే ఎర్రర్ ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. 10 సెకన్ల ఎక్స్‌పోజర్‌కి 690 ఫోటాన్లు, వర్గమూలం 26, అంటే 3.8 శాతం ఎర్రర్. గీత వెడల్పు 0.07 ఆంగ్‌స్ట్రామ్, పిక్సెల్‌కి 0.0223 పెడితే నడిమి పిక్సెల్‌లో పడేది మొత్తంలో 30 శాతమే.

నాకు బాగా ఆసక్తిగా అనిపించింది అబండెన్స్ సంగతి. కరోనాలో ఐరన్ ఫోటోస్పియర్ (మనకి కనిపించే సూర్యుడి ఉపరితలం) కన్నా 3, 4 రెట్లు ఎక్కువగా ఉండొచ్చు, కరోనా ఫైల్ తీసేసి ఫోటోస్పియర్ ఫైల్ పెడితే, డీఈఎమ్ మార్చకపోతే, నాలుగు రెట్ల తేడాకి అదే ఎక్స్‌పోజర్‌లో 690 కాస్తా 172కి పడిపోతుంది, ఎర్రర్ 7.6 శాతానికి పోతుంది. దశాంశాల దగ్గర కొట్టుకునే ముందు ఏ అబండెన్స్ ఫైల్ వాడినారో రాసి పెట్టుకోండి, అది లేని కౌంట్ రేట్‌ని నేనైతే నమ్మను.

ఆదిత్య ఎల్1 మీద ఉన్న సూట్ (అల్ట్రావయొలెట్ టెలిస్కోప్) చూసే 2000-4000 ఆంగ్‌స్ట్రామ్‌ల వైపు కూడా పోవాలనుంది, ముఖ్యంగా 2796 దగ్గరి మెగ్నీషియం గీత. అయితే క్రోమోస్పియర్‌లో (కరోనాకి కింది పొర) ఆ గీత వెలుతురు దారిలోనే మళ్లీ మళ్లీ పీల్చుకోబడుతుంది, కియాంటీ లెక్క అక్కడ పనికిరాదు, రేడియేటివ్ ట్రాన్స్‌ఫర్ కోడ్ కావాల. దానికన్నా ముందు 186.88, 195.12 గీతల నిష్పత్తి డెన్సిటీతో ఎట్లా మారుతుందో ప్లాట్ వేయాల, కోడ్ సగం అయింది.